పోపు పెడితే స్మోక్ అలారం మోగుతోంది, పీకేయొచ్చా?

గాజువాక కుర్రాడు:
అందరికీ నమస్కారం. గాజువాక నుంచి అమెరికాలోని ఒహాయో వచ్చి మూడు వారాలైంది. ముగ్గురం కలిసి ఓ పాత ఇల్లు అద్దెకు తీసుకున్నాం. పోపు పెట్టిన ప్రతిసారీ వంటింట్లో స్మోక్ అలారం (పొగ తగిలితే మోగేది) గోల. నిన్న మా రూమ్మేట్ బ్యాటరీ పీకేశాడు. మేం పడుకునే పై అంతస్తులో అసలు అలారమే లేదు. ఫ్రీగా బిగిస్తారని ఎవరో అన్నారు, నిజమేనా? తర్వాత బిల్లు పంపిస్తారేమో అని టెన్షన్.

సీతమ్మధార అక్క (పదహారేళ్లు అక్కడుండి వైజాగ్ వచ్చేశాను):
తమ్ముడూ, ముందు ఆ బ్యాటరీ తిరిగి పెట్టించు. మిగతాది తర్వాత చదువుదువుగాని.

మన ఇళ్లలో ఈ వస్తువు ఉండదు కాబట్టి అదో నస అనిపిస్తుంది. ఇక్కడ గోడలు ఇటుక, సిమెంటు, కిటికీలు ఎప్పుడూ బార్లా. అక్కడ ఇళ్లు ఎక్కువగా చెక్కతో కట్టినవి, పైగా చలికి అన్నీ బిగించుకుని పడుకుంటారు. 2023 నవంబరులో మన ఫిషింగ్ హార్బర్లో బోట్లు తగలబడితే మంటలు దూరానికి కూడా కనిపించాయి. ఇంట్లో అలా కాదు, మంట కంటపడేలోపే పొగ కమ్మేస్తుంది. వాసనకి మెలకువ వస్తుందిలే అనుకోకు, నిద్రలో ముక్కు పనిచేయదు.

ఫ్రీ మాట నిజమే. అమెరికన్ రెడ్‌క్రాస్ 2014 నుంచి ఈ పని చేస్తోంది. వాళ్ల వెబ్‌సైట్లో మీ ఏరియా ఆఫీసు వెతికి రిక్వెస్ట్ పెట్టు. వాలంటీర్లే వచ్చి బిగిస్తారు, బిల్లు ఉండదు. చాలా ఊళ్లలో ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు కూడా ఇస్తారు. అడగడానికి ఎమర్జెన్సీ నంబరు 911కి మాత్రం చేయకు బాబూ, మామూలు ఆఫీసు నంబరుకి చెయ్యి. కానీ మీది అద్దిల్లు, అలారాలు పెట్టించే బాధ్యత సాధారణంగా ఓనర్‌దే. ముందు ఆయనకి ఈమెయిల్ కొట్టు. ఫోన్లో చెప్పి ఊరుకోకు, రాతలో ఉండాలి.

మా ఇంటికి ఇద్దరు వాలంటీర్లు నిచ్చెన వేసుకుని వచ్చారు. బిగించడం కాసేపటి పని. ఆ తర్వాత కూర్చోబెట్టి, "రాత్రి రెండింటికి ఇది మోగితే ఏం చేస్తారు?" అని అడిగారు. మావారు ఠక్కున "పాస్‌పోర్టులు తీస్తాను" అన్నారు. వాళ్లు నవ్వి, బయటపడటానికి రెండు నిమిషాలే ఉండొచ్చు, పాస్‌పోర్టులు వదిలేయండి అన్నారు. ప్రతి గదికీ రెండు దారులు చూపించమన్నారు. పడగ్గది కిటికీ చూపించాను. తీయబోతే రాదే! పెయింటుతో అతుక్కుపోయింది. మూడేళ్లలో ఒక్కసారీ తెరవలేదు మేం.

ఇక నీ పోపు. అలారం పొయ్యికి పది అడుగులైనా దూరంలో ఉండాలి, జరిపించు. ఫొటోఎలక్ట్రిక్ రకమైతే (పొగని కాంతితో పసిగట్టేది) వంటకి ఊరికే మోగడం తక్కువ. మూకుడు పెట్టకముందే పొయ్యి మీది ఫ్యాన్ వెయ్యి, కిటికీ తియ్యి. కొన్ని ఇళ్లలో ఆ ఫ్యాన్ గాలిని బయటికి పంపదు, తిప్పి మన మొహానే కొడుతుంది. అలారానికి షవర్ క్యాప్ తొడగమని సలహా ఇచ్చే మహానుభావులు ఉంటారు. నేనూ ఓ దసరాకి గారెలు వేస్తూ తొడిగాను, రెండు నెలలకి గానీ తీయడం గుర్తుకురాలేదు. నూనె అంటుకుంటే నీళ్లు పోయకు, మూత పెట్టి స్టవ్ కట్టెయ్యి.

కంచరపాలెం అన్న (న్యూజెర్సీ):
అక్క చెప్పినవాటికి తోడు ఒకటి. నిమిషానికోసారి కిచ్‌మంటుంటే అది మంట కాదు, బ్యాటరీ అయిపోతోందని. నెలకోసారి బటన్ నొక్కి చూడు. అలారం వయసు పదేళ్లే, తయారైన తేదీ వెనకాల ఉంటుంది. పడుకునే ప్రతి గదిలో ఒకటి, గదుల బయట ఒకటి, అంతస్తుకొకటి ఉండాలి. గ్యాస్ హీటర్ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని పట్టే అలారం కూడా అడుగు. ఆ వాయువుకి రంగూ వాసనా ఉండవు, స్మోక్ అలారం దాన్ని పట్టలేదు.

గాజువాక కుర్రాడు:
బ్యాటరీ పెట్టేశాం అక్కా. స్టూలెక్కి వెనక చూస్తే 2009 అని ఉంది.

సీతమ్మధార అక్క:
ఓనర్‌కి ఆ ఫొటోనే పంపు.