స్పాట్‌లో పేపర్లన్నీ ఒకేలా దిద్దడం ఎలా?

సీనియర్ సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. మాది అనంతపురం, హైస్కూల్లో సోషల్ చెప్తాను. పదో తరగతి పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దే స్పాట్ డ్యూటీకి మొదటిసారి వెళ్తున్నాను. రోజుకు 40 పేపర్లు దిద్దాలి. ఒక్క మార్కు ప్రశ్నలతో ఇబ్బంది లేదు, 8 మార్కుల జవాబుల దగ్గరే టెన్షన్. చాలా బాగా రాసిన పేపరు వెంటనే మామూలు పేపరు వస్తే, తెలియకుండానే దానికి మార్కులు తగ్గుతాయి. చేతిరాత ముత్యాల్లా ఉంటే ఇంకో మార్కు వేయాలనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండకు అలసిపోయాక చూసే పేపర్లంటే ఇంకా భయం. పాస్ మార్కు 35, ఏ పిల్లాడూ నా వల్ల 34 దగ్గర ఆగిపోకూడదు. జవాబుల కీలో లేని పాయింటు సరిగ్గా రాస్తే మీరు మార్కు వేస్తారా, చీఫ్ ఎగ్జామినర్‌ను అడుగుతారా? ఒక్కో పేపరూ పూర్తిగా దిద్దాలా, ఒకే ప్రశ్నను అన్ని పేపర్లలో వరుసగా చూడాలా? అక్కడ అంత టైమ్ ఉంటుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.