పిల్లలతో హైదరాబాద్‌కా, విశాఖకా? హైదరాబాద్ అయితే ఏ వైపు?

ప్రశ్న (బెంగళూరు నుంచి)

అందరికీ నమస్కారం. పెళ్లయినప్పటి నుంచీ మేము బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర ఉంటున్నాం. ఈ జూన్‌లోగా హైదరాబాద్ రాయదుర్గంలోని ఆఫీసుకు గానీ, విశాఖలో రుషికొండ దగ్గరున్న ఆఫీసుకు గానీ మారవచ్చని మావారి కంపెనీ చెప్పింది. నేను బ్యాంకు ఉద్యోగిని. భర్త పనిచేసే ఊరికి బదిలీ కోరుకోవచ్చు కానీ, ఆ ఊళ్లో ఏ బ్రాంచి ఇస్తారో ముందుగా తెలియదు. పెద్దమ్మాయి నాలుగో తరగతిలోకి, చిన్నవాడు ఒకటో తరగతిలోకి వస్తారు. మా అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అద్దె ముప్పై ఐదు వేలు దాటకూడదని అనుకుంటున్నాం. ఇల్లు కొనడం తరవాతి మాట.

బంధువుల్లో కొందరు నల్లగండ్ల, తెల్లాపూర్ అంటుంటే, మరికొందరు మియాపూర్ అంటున్నారు. అత్తగారి వైపు వాళ్లు మాత్రం విశాఖ ఉండగా హైదరాబాద్ ఎందుకని అడుగుతున్నారు. ఎవరిని కదిపినా ఫ్లాట్ ధర ఎంత పెరుగుతుందో చెబుతారే తప్ప, అక్కడ ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్పడం లేదు. పిల్లలు సాయంత్రం కిందికి దిగి ఆడుకోగలగాలి. బడి బస్సులోనే ప్రాణం విసిగిపోకూడదు. అత్తగారు ఎవరినీ తోడు పిలవకుండా గుడికో డాక్టరు దగ్గరికో వెళ్లి రాగలగాలి. ఇక్కడ వేసవిలో ట్యాంకర్ల గురించి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సాగే తగవులతో విసిగిపోయాం కనుక నీళ్ల సంగతి కూడా చెప్పండి. మరొక సందేహం: మా అమ్మాయి కన్నడం బాగా చదువుతుంది గానీ తెలుగు మాట్లాడటం తప్ప చదవడం రాదు. బడిలో ఇబ్బంది అవుతుందా?

జవాబు (తార్నాక నుంచి)

మీరు చెప్పిన అవసరాలన్నీ చదివాక నాకు తోచిన పేరు తార్నాక, అది మీ బంధువుల జాబితాలో లేనే లేదు. రాయదుర్గంలో ఆఫీసు అనగానే అందరూ పడమటి వైపే చూపిస్తారు. కానీ మెట్రో పటం ముందు పెట్టుకుంటే లెక్క మారిపోతుంది. నాగోలు నుంచి రాయదుర్గం దాకా ఉన్న నీలం లైనులో ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక వరుసగా వస్తాయి. ఇక్కడ ఎక్కితే ఎక్కడా మారకుండా, ముప్పావు గంట అటూ ఇటూగా రాయదుర్గంలో దిగవచ్చు. మియాపూర్ ఎరుపు లైనులో ఉంది. అక్కడి నుంచి మెట్రోలో వెళ్లాలంటే అమీర్‌పేట దాకా వచ్చి, నీలం లైను ఎక్కి, మళ్లీ పడమటికే తిరిగి పోవాలి. పటంలో పక్కపక్కనే కనిపించే రెండు చోట్ల మధ్య ఇంత చుట్టు తిరుగుడు ఉందని చాలామందికి అద్దె ఒప్పందం రాసుకున్నాక గానీ తెలియదు.

తార్నాక, హబ్సిగూడల చుట్టూ ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ వంటి పరిశోధన సంస్థలు, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. వాటిలో పనిచేసి రిటైరైనవాళ్లు ఇక్కడి వీధుల్లో ఇప్పటికీ చాలామంది ఉన్నారు. అందువల్ల మీ అత్తగారికి తోటివాళ్లు దొరుకుతారు, ఇది చిన్న విషయమేమీ కాదు. మా వీధి చివర ఇస్త్రీ బండి ఉంది, దాని పక్కన మందుల షాపు, ఆ పై అంతస్తులో పిల్లల డాక్టరు, నాలుగు అడుగులు వేస్తే ఆంజనేయస్వామి గుడి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు వీధిలోనే క్రికెట్ ఆడతారు, బంతి ఎవరి బాల్కనీలో పడిందో అన్న తగాదా రాత్రి ఏడింటి దాకా వినబడుతూనే ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. ఇళ్లు పాతవి, మూడంతస్తుల అపార్ట్‌మెంట్లలో చాలావాటికి లిఫ్టు ఉండదు, కారు నిలపడానికి చోటు దొరకదు. 2020 అక్టోబరు వానలకు హబ్సిగూడ, రామంతాపూర్‌లలో పల్లపు వీధులు మునిగాయి కనుక, ఇల్లు చూసేటప్పుడు ఆ వీధిలోని కిరాణా దుకాణంలో అప్పుడు నీళ్లు ఎంత దాకా వచ్చాయని అడగండి. ఇంటి యజమాని చెప్పే మాట కంటే ఆ మాట నమ్మదగినది. ఉప్పల్ దాటి నారపల్లి వైపు మాత్రం వెళ్లకండి. అక్కడ ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగింది, ఆ దుమ్ములో చిన్నపిల్లలను బడికి తిప్పడం కష్టం.

జవాబు (నల్లగండ్ల నుంచి)

పైన రాసినవారి మెట్రో లెక్క సరైనదే గానీ, పిల్లల విషయంలో నేను ఒప్పుకోను. వీధిలో క్రికెట్ అంటే వినడానికి బాగుంటుంది, ఒకటో తరగతి పిల్లవాడిని స్కూటర్లు తిరిగే వీధిలోకి ఒంటరిగా ఎవరు పంపుతారు? మా కమ్యూనిటీలో సాయంత్రం ఐదు దాటితే పిల్లలు వాళ్లంతట వాళ్లే దిగిపోతారు. మా వాడి ఈడు పిల్లలు మా బ్లాకులోనే ఒక జట్టుకు సరిపడా ఉన్నారు. బడి దగ్గరే. లింగంపల్లి స్టేషన్ పక్కనే ఉండటం మరో సుఖం. గౌతమి, నారాయణాద్రి రైళ్లు అక్కడి నుంచే బయలుదేరతాయి కనుక, పండక్కి ఊరికి వెళ్లేటప్పుడు సికింద్రాబాద్ దాకా సామాన్లు మోసుకుపోవలసిన అవసరం ఉండదు.

అయితే మీ అత్తగారి విషయంలో మాత్రం తార్నాకకే ఓటు వేస్తాను. ఇక్కడ గేటు దాటితే కారు కావాలి, లేదా ఆటో పిలవాలి. మా అమ్మ ఇక్కడికి వచ్చిన కొత్తలో పార్కులో బాగానే తిరిగేది, తరవాత ‘ఇక్కడ నాకు కొత్తిమీర కట్ట కొనుక్కునే స్వతంత్రం కూడా లేదు’ అని ఊరికి వెళ్లిపోయింది. వానాకాలంలో లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే, ఆ రోజు ఎటు వెళ్లాలన్నా చుట్టు తిరగాల్సిందే.

నీళ్ల గురించి మీరు అడగడం మంచిదైంది. ఈ వైపు కొత్త కమ్యూనిటీల్లో చాలావాటికి బోర్లు, ట్యాంకర్లే ఆధారం. బ్రోకరు ‘నీళ్లకు ఢోకా లేదండి’ అంటాడు. అతన్ని వదిలేసి వాచ్‌మన్‌ని అడగండి: మంజీరా (కొళాయి) నీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి వస్తాయి, బోరు ఎన్ని గంటలు నడుస్తుంది, నిరుడు మే నెలలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు దిగాయి? కుదిరితే అసోసియేషన్ వాళ్ల దగ్గర ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ బిల్లు అడిగి చూడండి. డిసెంబరు బిల్లుకూ దానికీ ఉన్న తేడాయే మీ ప్రశ్నకు జవాబు.

కొనే ఆలోచన వచ్చినప్పుడు మాత్రం చెరువు ఎంత దూరంలో ఉందో చూసుకోండి. పాతిక ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి ముప్పై మీటర్లు, అంతకంటే చిన్నదానికి తొమ్మిది మీటర్లు ఏమీ కట్టకుండా బఫర్ జోన్‌గా వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక జరిగిన కూల్చివేతలు చూశాక, బాల్కనీలోంచి చెరువు కనిపిస్తుందనే ప్రకటన చదివితే సంతోషం కంటే అనుమానమే ముందు కలుగుతోంది.

జవాబు (విశాఖ, ఎంవీపీ కాలనీ నుంచి)

ఆఫీసు రుషికొండ దగ్గరైతే మధురవాడ, ఎంవీపీ కాలనీ రెండూ అనువైనవే. మీ అత్తగారికైతే ఎంవీపీ మేలు: రైతు బజారు, గుడి, ఆసుపత్రులు అన్నీ సెక్టార్ల మధ్యే ఉన్నాయి. ఆదివారం సాయంత్రం పిల్లలను ఎక్కడికి తీసుకెళ్లాలన్న ఆలోచనే అక్కర్లేదు, సముద్రం ఉంది. గాజువాక వైపు, పోర్టు పరిసరాల్లో మాత్రం ఇల్లు చూడకండి. అక్కడ పొద్దున తుడిచిన బాల్కనీ గోడ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. ఎండాకాలం ఉక్కపోత బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు నిజంగా దుర్భరం. 2014 హుద్‌హుద్ తుపానప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినవాళ్లం కనుక, అక్టోబరు వస్తే మేమంతా వాతావరణ శాఖ బులెటిన్ మీద ఒక కన్నేసి ఉంచుతాం.

ఇవేవీ మీ నిర్ణయాన్ని మార్చేంత పెద్దవి కావు. అసలు ప్రశ్న మీవారి ఉద్యోగం. ఈ కంపెనీ వద్దనుకున్న రోజున అదే జీతానికి మరో కంపెనీ రాయదుర్గంలో దొరికినంత సులువుగా ఇక్కడ దొరకదు. ఆయన వృత్తిలో ఇంటి నుంచి పనిచేసే వీలుంటే విశాఖ రండి. లేకపోతే పిల్లల చదువు మధ్యలో మరోసారి మారవలసి రావచ్చు.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ)

అమ్మాయి తెలుగు గురించి మొదట. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడుల్లో కూడా తెలుగు నేర్పాలి కాబట్టి తప్పించుకోవడం గురించి ఆలోచించకండి. కన్నడం చదివే పిల్లకు గుణింతాలు, ఒత్తులు కొత్తవి కావు. క, త, శ వంటి కొన్ని అక్షరాల రూపమే వేరు. ఏప్రిల్, మే నెలల్లో రోజూ అరగంట కూర్చోబెట్టి కథల పుస్తకం చదివిస్తే జూన్ నాటికి తడుముకుంటూనైనా చదువుతుంది.

ఎవరూ ప్రస్తావించని సంగతి స్థానికత. ఇంజనీరింగ్, మెడికల్ కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే సీట్లలో) రెండు రాష్ట్రాల్లోనూ 85 శాతం సీట్లు స్థానికులకే. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది అందులో ముఖ్యం. తెలంగాణలో మెడికల్ సీట్లకు పెట్టిన ఈ నాలుగేళ్ల నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. విభజన తరవాత పదేళ్ల పాటు ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకు తెలంగాణలో ఉన్న అవకాశం కూడా 2025-26 ఇంజనీరింగ్ ప్రవేశాల నుంచి పోయింది. మీ అమ్మాయి ఇప్పుడు నాలుగో తరగతే కాబట్టి తొందరపడనక్కర్లేదు. కానీ హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఉండి విశాఖకు మారదామన్న ఆలోచన ఉంటే, ఆమె తొమ్మిదో తరగతిలో చేరేలోపే మారండి. తొమ్మిదో, పదో తరగతి ఒక రాష్ట్రంలో, ఇంటర్ మరో రాష్ట్రంలో చదివించి కౌన్సెలింగ్ సమయంలో కన్నీళ్లు పెట్టుకున్న తల్లిదండ్రులను నేను చూశాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఉద్యోగం సంగతి విన్నాక మావారు హైదరాబాద్ వైపే మొగ్గుతున్నారు. తార్నాక మా జాబితాలోకి కొత్తగా చేరింది. లిఫ్టు, కొళాయి నీళ్లు రెండూ ఉన్న ఇల్లు మా అద్దెలో దొరుకుతుందా? అత్తగారు మెట్రో ఎక్కగలరా?

జవాబు (తార్నాక నుంచి)

మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, ఇబ్బంది లేదు. ఆధార్‌లో చిరునామా ఇక్కడికి మార్పించుకుంటే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆవిడకూ మీకూ టికెట్ ఉండదు. అయితే బస్సు మెట్లు ఎత్తుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు రైలే నయం. లిఫ్టు ఉన్న మూడు పడక గదుల ఫ్లాట్ మీ అద్దెలో దొరకవచ్చు. పాత భవనాన్ని కూల్చి కొత్తగా కట్టిన ఐదంతస్తులవాటిలో వెతకండి, కొళాయి కనెక్షన్ పాతది అలాగే ఉందో లేదో మాత్రం నీటి బోర్డు బిల్లు చూసి తేల్చుకోండి. ఏప్రిల్ చివర్లో వచ్చి చూడండి. జూన్‌లో బడులు తెరిచే ముందు ఇళ్లకు గిరాకీ పెరుగుతుంది, పైగా నీళ్ల కటకట ఉంటే అప్పటికే బయటపడి ఉంటుంది.