చేపకి పార్కిన్సన్స్ తెప్పిస్తే మా నాన్నకి మందు దొరుకుతుందా?

గోదారి_గట్టు: నాన్నకి పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్లు. మొన్న పింఛను కాగితం మీద సంతకం పెడుతుంటే మొదటి అక్షరం బాగానే వచ్చింది, చివరికొచ్చేసరికి చీమ తలకాయంత అయిపోయింది. ఈ జబ్బు కోసం జన్యువులు మార్చిన జీబ్రాఫిష్ అనే చిన్న చారల చేప మీద పరిశోధనలు చేస్తున్నారట. చేపకి చెయ్యే లేదు, ఇంక వణికేదేంటి? నిజంగా ఉపయోగం ఉందా, పేపర్లు అచ్చేసుకోవడానికేనా?

ల్యాబ్_కోటు: ఇలాంటి ల్యాబ్‌లోనే పనిచేశాను, నాది కాస్త అటువైపు మొగ్గే మాటే అనుకోండి. వణుకు కోసం కాదండీ చూసేది. ఈ జబ్బులో చచ్చిపోయేవి కదలికలకి కావాల్సిన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు, అవి చేపకీ ఉన్నాయి. పింక్1 అనే జన్యువు పాడైతే మనుషులకి చిన్న వయసులోనే పార్కిన్సన్స్ వస్తుంది, చేపలో దాన్ని ఆపేస్తే దానికీ ఆ కణాలు తగ్గుతాయి. ఐదు రోజుల పిల్ల నాలుగు మిల్లీమీటర్లు, గాజు ముక్కలా ఉంటుంది, మెరిసే ప్రోటీన్ తగిలిస్తే బతికున్న పిల్ల తలలోనే కణాలు లెక్కపెట్టొచ్చు. 96 గుంటల ప్లేటులో గుంటకో పిల్లని వేసి, తలా ఓ మందు చుక్క పోసి, ఏది ఎంత ఈదిందో కెమెరాకి వదిలేస్తాం. ఎలుకలతో అంత చెయ్యాలంటే బిల్డింగ్ చాలదు.

అడ్డుపుల్ల: అసలు సంగతి దాటేశారు సార్. పార్కిన్సన్స్ రోగుల మెదడులో ముద్దకట్టేది ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రోటీన్. 1997లో ఈ జబ్బుకి ముడిపడి బయటపడ్డ మొదటి జన్యువు దానిదే. జీబ్రాఫిష్‌లో ఆ జన్యువే లేదు! మనిషిది తెచ్చి పెట్టాలి. పైగా పోయిన నాడీకణాల్ని చాలావరకు మళ్లీ పెంచుకునే జీవి అది. ఎక్కువమందికి అరవై దాటాక వచ్చే జబ్బుని ఐదు రోజుల పిల్లలో వెతుకుతారా?

ల్యాబ్_కోటు: వయసు సంగతి ఒప్పుకున్నా, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ కుందేలుకి మాత్రం పార్కిన్సన్స్ ఉందా? 1957లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్‌సన్ కుందేళ్లకి రెసర్పిన్ ఇచ్చి (మన సర్పగంధి వేళ్లలో ఉండేదే) కదలకుండా చేశాడు, ఒంట్లో డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఎక్కించగానే లేచి తిరిగాయి. మీ నాన్నగారు వేసుకునే మాత్రకి దారి అక్కడే పడింది.

అడ్డుపుల్ల: ఆ మాత్ర లేని డోపమిన్‌ని భర్తీ చేస్తుంది, అంతే. కణాలు చావకుండా ఆపే మందు ఇప్పటికీ లేదు కదా.

ల్యాబ్_కోటు: అందుకే కదా కణాలు చచ్చే జీవి కావాల్సొచ్చింది.

పిన్నిగారు: చేపల బాధ ఎవరికీ పట్టలేదా? యూరప్‌లో సొంతంగా తిండి తినే దశకి రాని చేపపిల్ల జంతు ప్రయోగాల చట్టం కిందకే రాదు, అందుకని ఐదో రోజు దగ్గర ఆపేస్తుంటారు. నొప్పి ఆరో రోజు పొద్దున పుడుతుందా నాయనా? ఇదే పని కోతుల మీద చేయడం కంటే నయమే అనుకోండి, అంతవరకే నేను ఒప్పుకునేది.

గోదారి_గట్టు: ఇదంతా నాన్నకి చదివి వినిపించా. కుందేళ్ల దగ్గర మాత్రం ఆపి, మళ్లీ చదవమన్నారు.