లాంగ్ ఐలాండ్‌లో విడిది గురించి సలహా కావాలి

అండమాన్ వెళ్లి వచ్చినవారికి, అక్కడే స్థిరపడిన తెలుగువారికి నమస్కారం.

జనవరిలో మా అమ్మగారితో కలిసి అండమాన్ వెళ్లదలచుకున్నాను. హేవ్‌లాక్ దీవి రద్దీకి దూరంగా, మధ్య అండమాన్‌లో రంగత్‌కు సమీపాన ఉన్న లాంగ్ ఐలాండ్‌లోనే ఎక్కువ రోజులు గడపాలని మా కోరిక. అమ్మకు పక్షులంటే ప్రాణం. జలక్రీడల మీద మా ఇద్దరికీ ఆసక్తి లేదు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రభుత్వ ఓడలో నేరుగా వెళ్లడమా, లేక ట్రంక్ రోడ్డు మీదుగా రంగత్ చేరి యెరట్టా రేవులో పడవ ఎక్కడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాం. జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా పోయే ఆ రోడ్డును, వారి ఏకాంతాన్ని తలచి, వీలైతే మానుకోవాలన్నదే నా అభిప్రాయం. ఓడ టికెట్లు ముందుగా దొరుకుతాయా?

ఆ దీవిలోని లాలాజీ బే తీరానికి వెళ్లే అడవిదారి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు మెల్లగానైనా నడవగలిగేదేనా, లేక వారికి పడవే మేలా? రంగత్ దగ్గరి కత్‌బర్ట్ బే తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ గుడ్లు పెట్టడాన్ని, వాటికి ఇబ్బంది కలగకుండా, అటవీ సిబ్బంది వెంట ఉండి చూపిస్తారా? ఉప్పునీటి మొసళ్లు తిరిగే సముద్రపు పాయల విషయంలో స్థానికులు చెప్పే జాగ్రత్తలను, శాకాహార భోజనం దొరికే బసలను కూడా దయచేసి తెలియజేయగలరు.