‘అల్లిక జిగిబిగి’: ఒక మాటా, రెండా?

ప్రశ్న:
“అల్లసానివారి యల్లిక జిగిబిగి” అని చాటుపద్యం ఉంది కదా. ఇందులో జిగిబిగి అంటే ఏమిటండీ? పుస్తకం గిస్తకంలాగా ఒకదాని వెనక ఊరికే తగిలించిన మాటా, లేక దేని అర్థం దానికి ఉందా? జిగికీ జిగురుకీ చుట్టరికం ఏమైనా ఉందా?

జవాబు:
రెండు మాటలేనండీ. జిగి అంటే కాంతి, నిగనిగ. బిగి అంటే బిగువు, సడలిపోని పట్టు. ‘గిస్తకం’ అన్నదానికి విడిగా బతుకు లేదు. బిగికి ఉంది: బిగికౌగిలి అంటాం, బిగించడం అంటాం, బిగుసుకుపోవడం అంటాం. జిగురు అంటుకునేది, జిగి మెరిసేది. ఆ రెంటినీ కలపకండి. రాయల కొలువులోని పెద్దన పద్యం మెరుస్తుంది, అందులో ఒక్క మాట కూడా లాగితే ఊడి రాదు. ఆ చాటువు చెప్పినవారి మెప్పు అది. మూడో పాదంలో వచ్చే ‘పదగుంఫనం’ కూడా చేతిపని మాటే. గుంఫనం అంటే గుచ్చి కూర్చడం.

అర్థం నిఘంటువులో దొరుకుతుంది. కానీ ఈ మాట నా వేళ్ళకు తెలిసింది మాత్రం మోహెయిర్ దారంతో, కొక్కెం సూదితో చేసే క్రోషే పద్ధతిలో ఒక లేసు శాలువా అల్లుతున్నప్పుడు. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

మోహెయిర్ అంటే అంగోరా మేక బొచ్చు. అంకారాకు పాత పేరు అంగోరా, ఆ మేకకు పేరు అక్కడినుంచే వచ్చింది. (అంగోరా దారం అని విడిగా అమ్మేది కుందేలుది. చాలామంది పొరబడతారు.) అరబ్బీలో ‘ముఖయ్యర్’ అంటే ఏరి తీసుకున్నది, మేలైనది. ఆ మాట ఇటాలియన్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి, వెంట్రుకకు వాళ్ళు వాడే ‘హెయిర్’ దాని చివర వచ్చి కూర్చుంది. గొర్రె ఉన్ని వెంట్రుక మీద పొలుసులు కాస్త లేచి ఉంటాయి. మోహెయిర్ పొలుసులు వెంట్రుకకు అణిగి ఉండటంతో వెలుగు పడితే చెదరకుండా తిరిగి వస్తుంది. దాని జిగికి కారణం అదే. పిల్ల మేకల బొచ్చు మరీ సన్నన. దాన్ని సన్నటి పట్టుపోగు చుట్టూ పట్టించి, పైకి దువ్వి వదిలిన దారం 25 గ్రాముల ఉండలో 200 మీటర్ల పైచిలుకు ఉంటుంది. చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు.

ఆ దారం చుట్టూ పొగలా లేచి ఉండే సన్నటి వెంట్రుకలకు తెలుగులో మంచి మాటుంది: నూగు. లేత ఆకు మీది నూగు, నూగుమీసంలోని నూగు. దీనికి కొత్త మాట కట్టాల్సిన పని లేనే లేదు.

మొదటిసారి నేను చేసిన తప్పు బిగి దగ్గరే. దారం సన్నం కదా, సూదీ సన్నం ఉండాలనుకుని 2.5 మిల్లీమీటర్ల సూది తీసుకున్నాను. నాది సహజంగా బిగువైన చేయి. కుట్లు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ కూర్చున్నాయి. జానెడు అయ్యేసరికి అది లేసులా లేదు, మందపాటి అట్టలా ఉంది. నూగు లేవడానికి చోటు లేదు, వెలుగు దూరడానికి సందు లేదు. దారంలో ఉన్న జిగి అంతా నా బిగి కింద నలిగిపోయింది.

సరే, విప్పుదాం అనుకున్నాను. మామూలు నూలుదారమైతే కొస పట్టి లాగితే వరసంతా గబగబా ఊడి వస్తుంది. మోహెయిర్ రెండు కుట్లు ఊడి మూడోదాని దగ్గర ఆగింది. దగ్గరగా చూస్తే పక్కపక్క కుట్ల నూగు ఒకదానిలోకి ఒకటి దూరి పెనవేసుకుని ఉంది. లాగినకొద్దీ ముడి చిన్నదై గట్టిపడుతోంది. అప్పుడు నల్లగుడ్డ ఒళ్ళో పరుచుకుని, దీపం దగ్గరకు జరుపుకుని, మొద్దు మొన సూదితో వెంట్రుకలను పక్కకు తప్పిస్తూ ఒక్కో కుట్టూ విప్పాను. రెండు సాయంత్రాలు పట్టింది. పనిని సంచిలో పెట్టి రాత్రంతా ఫ్రీజర్లో ఉంచితే నూగు కాస్త విడుస్తుందని ఎవరో చెబితే అదీ చేశాను, నాకు కొంత పనికొచ్చింది. ‘పెనవేసుకోవడం’ అన్న మాటను అంతకుముందు తీగల గురించీ మనసుల గురించీ ఎన్నిసార్లు రాసి ఉంటానో. ఆ రెండు సాయంత్రాల తర్వాత మాత్రం దాన్ని తేలిగ్గా వాడలేకపోతున్నాను.

రెండోసారి 5 మిల్లీమీటర్ల సూదితో మొదలుపెట్టాను. అదే దారం, అదే చేయి. కుట్టుకూ కుట్టుకూ మధ్య కిటికీలు తెరుచుకున్నాయి, నూగు వాటిలోకి లేచి పరుచుకుంది. జిగి తిరిగొచ్చింది.

ఇంకొకరి ప్రశ్న:
బాగుందండీ. కానీ ‘అల్లిక’ అనే ఎందుకు? శాలువా అంటే నేసేదే కదా, నేత అంటే తప్పా?

జవాబు:
మగ్గం మీద చేసే శాలువాకైతే నేత అనాల్సిందే. నేత అనాలంటే పడుగూ పేకా ఉండాలి. ముందే బిగదీసి కట్టిన పోగులు, వాటి మధ్య అడ్డంగా పోయే పోగు. మన శాలువాలో ఉన్నది ఒకే దారం. అదే తనలోంచి తాను దూరి వస్తూ ఉంటుంది. జడ, బుట్ట, సాలెగూడు, కథ, పందిరి మీద తీగ: వీటన్నిటికీ మనం వాడే మాట అల్లడమే. కుట్టు అన్నా పూర్తిగా సరిపోదు, కుట్టడానికి ముందే గుడ్డ ఉండాలి. కాకపోతే అల్లికలో ఒక్కో భాగాన్ని కుట్టు అనడం అలవాటైపోయింది, దాన్ని మార్చబోవడం వృథా. సూది సంగతీ అంతే. సూది అంటే బెజ్జం ఉండాలి, దీనికి బెజ్జం లేదు, కొన దగ్గర చిన్న కొక్కెం మాత్రం ఉంది. ఫ్రెంచిలో క్రోషే అంటే ఆ చిన్న కొక్కెమే.

మరొకరు:
పెద్దన విషయంలో మీతో ఏకీభవించలేకపోతున్నానమ్మా. మీ శాలువాకు జిగి వచ్చింది బిగి వదిలేశాక. చాటువు జిగినీ బిగినీ కలిపి మెచ్చుకుంటోంది. పెద్దన సమాసాలు సడలిస్తే పెద్దన మిగులుతాడా? మీ పోలికలో పద్యానికి అన్యాయం జరిగింది.

జవాబు:
మేష్టారూ, మీ మాట నిజం. నేను సగమే రాశాను. మీరన్నాక నిన్న రాత్రి శాలువా మళ్ళీ ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను.

ఒక కుట్టు ఎలా పుడుతుందో చెబుతాను. సూది మీద ఒక ఉచ్చు ఉంటుంది. దారాన్ని సూదికి ఒక చుట్టు చుట్టి, కింది వరసలో కొక్కెం గుచ్చి దారం పైకి లాగితే సూది మీద మూడు ఉచ్చులవుతాయి. మళ్ళీ దారం పట్టి రెండింటిలోంచి, ఇంకోసారి పట్టి మిగిలిన రెండింటిలోంచి లాగాలి. చివరికి సూది మీద మిగిలేది ఒక్క ఉచ్చే. శాలువా ఎంత పెద్దదైనా, ఆ క్షణంలో విడివడి ఉన్నది ఆ ఒక్కటే. మిగతా ప్రతి ఉచ్చు మెడనూ దాని తర్వాతది పట్టుకుని ఉంది. కిటికీలు ఎంత పెద్దవైనా ఆ మెడ దగ్గర పట్టు సడలలేదు. సడలితే అది శాలువా కాదు, దారం కుప్ప. కాబట్టి 5 మిల్లీమీటర్ల సూదితో నేను వదిలింది బిగిని కాదు, ఇరుకును. ఆ రెంటికీ ఒకే మాట వాడి పొరబడ్డాను.

పెద్దన సమాసమూ అంతే అనిపిస్తుంది నాకు. మాటకు మాట మెడ దగ్గర పట్టుకుని ఉంటుంది, ఊపిరాడనివ్వకుండా ఒత్తదు. పెద్దన రాసింది కాకపోయినా, ఆయన్ని మెచ్చిన ఈ చాటువు పాదమే చూడండి. అల్లసాని ‘అల్ల’కూ అల్లిక ‘అల్లి’కీ యతి కుదిరింది, చెవికి మాత్రం సులువుగా సాగిపోతుంది. ఈ ఆటవెలది మీరు బాగా చదువుతారు, ఒకసారి గొంతెత్తి చదివి చూడండి.

బిగి చోటు తప్పితే ఏమవుతుందో కూడా చెప్పాలి. అల్లికకు పునాదిగా ముందు వేసే ఉచ్చుల వరసను గొలుసు అంటాం. ఆ మొదటి గొలుసు బిగువుగా వేస్తే, పై వరసలు వదులుగా ఉన్నా శాలువా అంచు విల్లులా వంగిపోతుంది. ఎంత తడిపి సాగదీసినా తిన్నబడదు. అందుకే గొలుసు వరకు ఇంకో అర మిల్లీమీటరు పెద్ద సూది వాడతాను.

మేష్టారు మళ్ళీ:
ఇరుకు వేరు, బిగి వేరు. ఒప్పుకున్నానమ్మా. ఉచ్చు అన్నారు కనుక ఒక మాట: ఇంగ్లీషు ‘లేస్’ కూడా లాటిన్‌లో ఉచ్చు అనే అర్థమున్న ‘లాక్వెయుస్’ నుంచి వచ్చిందే.

ఇంకో సభ్యురాలు:
అక్కా, నేను ఇప్పుడే నేర్చుకుంటున్నాను. క్రోషే నమూనాలో ‘డబుల్’ అని రాసింది చూసి వేస్తే కుట్టు పొట్టిగా వస్తోంది, బొమ్మలో పొడుగ్గా ఉంది. దీనికి తెలుగు పేరేమైనా ఉందా?

జవాబు:
తప్పు నీది కాదమ్మా. అమెరికావాళ్ళు డబుల్ అనేదాన్ని బ్రిటిష్‌వాళ్ళు ట్రెబుల్ అంటారు. బ్రిటిష్ డబుల్ పొట్టిది, అమెరికా వాళ్ళకు అది సింగిల్. నీ నమూనా ఎవరిదో ముందు చూసుకో. నేనైతే కుట్టు మొదలుపెట్టేముందు సూదికి దారం ఎన్ని చుట్లు చుట్టాలో దాన్నిబట్టి పిలుస్తాను: చుట్టులేని కుట్టు, ఒంటిచుట్టు, రెండుచుట్లు. పైన రాసింది ఒంటిచుట్టు. అమెరికా డబుల్ అంటే అదే.

మోహెయిర్‌తో మాత్రం మొదలుపెట్టకు. ముందు నూగులేని దారంతో ఒక ముక్క అల్లు, నమూనా చేతికి రానీ. మోహెయిర్‌లో కుట్టు కంటికి సరిగా ఆనదు, సూది ఎక్కడ దూరాలో వేలి కొసతో తడిమి చూసుకోవాలి. నేను ప్రతి వరస చివరా కుట్లు లెక్కపెడతాను, పది వరసల తర్వాత తప్పు తెలిస్తే విప్పడం నరకం కనుక. పూర్తయ్యాక గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పిండకుండా తువాలులో చుట్టి ఒత్తి, పరుపు మీద పరిచి అంచు వెంట గుండుసూదులు గుచ్చి ఆరనివ్వు. ఆరాక తీసి ఒక్కసారి మెల్లగా దులిపితే అణిగిన నూగు మళ్ళీ లేస్తుంది.