పరిశోధన ఖర్చు ముందా, ఆదాయం ముందా?

కావలి అధ్యాపకుడు:
మన దేశం పరిశోధన, అభివృద్ధి మీద పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఉంది, దక్షిణ కొరియాలో అది 5 శాతానికి చేరువైంది కనుక, ఖర్చు పెంచితే ఆదాయం తానే పెరుగుతుందని కొందరు మిత్రులు అంటున్నారు. ఈ లెక్క తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. 1966లో కిస్ట్ అనే పరిశోధన సంస్థను స్థాపించేనాటికి కొరియా తలసరి ఆదాయం ఏడాదికి 200 డాలర్లు కూడా లేదు. బట్టలు, ప్లైవుడ్, విగ్గులు అమ్ముకొని నిలదొక్కుకున్నాక, 1980లలో గానీ దాని పరిశోధన ఖర్చు 1 శాతం దాటలేదు.

ముత్తుకూరు రొయ్యల రైతు:
అధ్యాపకుల వారికి నమస్కారం. చేతిలో డబ్బు లేనప్పుడే కిస్ట్ పెట్టారని మీరే రాశారు కదండీ. మా సంగతి చూడండి. 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టాక మా వైపు గుంటలు ఎన్నో ఎండిపోయాయి. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య జాతికి అనుమతి వచ్చాకే మళ్లీ నీళ్లు పెట్టాం. ఎగుమతులు పెరిగాయి, కాదనను. అయితే ఆ తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచి విమానంలో వచ్చి, చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ దాటి, రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీకి చేరితే గానీ మాకు పిల్ల దొరకదు. వ్యాధి లేని ఆ జాతిని తరాల తరబడి ఎంపిక చేసి తీర్చిదిద్దింది అక్కడి పరిశోధనే. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తినప్పుడు మేత మిగిలి కనిపిస్తే ఆ రాత్రి నిద్ర పట్టనిది మాకు, తల్లి రొయ్య ధర ముందే ముట్టేది వాళ్లకు.

ఒంగోలు పశుపోషకుడు:
మా గిత్తల కథా ఇంతే. ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్లిన ఒంగోలు జాతి అక్కడ 'నెలోర్' అయింది, మన నెల్లూరు పేరే! 1973లో ఎంబ్రాపా అనే ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థను పెట్టుకున్న ఆ దేశం ఇవాళ గొడ్డు మాంసం ఎగుమతిలో ముందుంది. మనకు మిగిలింది బండలాగుడు పోటీల్లో ఈలలు.

కావలి అధ్యాపకుడు:
రైతు గారి మాటలో బలముంది. ఆదాయం వచ్చేదాకా ఆగాలన్న నా వాదాన్ని అంతవరకు సడలించుకుంటాను. అయితే కొరియా ఖర్చులో నాలుగింట మూడు వంతులకు పైగా కంపెనీలదే, మన దగ్గర ప్రైవేటు వాటా సుమారు 36 శాతం. అంతా ప్రభుత్వమే పెట్టాలంటే ఎలా?

ముత్తుకూరు రొయ్యల రైతు:
కంపెనీల వారు మా గుంట దగ్గరికి వస్తూనే ఉంటారండీ, మేత బస్తాలు అమ్మడానికి. చచ్చిన రొయ్యను పరీక్షకు పట్టుకెళ్తామన్న వారిని మాత్రం ఇంతవరకు చూడలేదు.