ట్రాక్టర్ పెద్ద టైరుకు సైకిల్ పంపుతో గాలి కొట్టడం నిజమేనా?

ధర్మాబాద్ రైతు:
కంప్రెసర్ లేని రోజుల్లో ట్రాక్టర్ వెనక టైరుకు ఇంటి దగ్గరే సైకిల్ పంపుతో గాలి కొట్టేవాళ్లమని మా పెద్దనాన్న అంటాడు. కుర్రాళ్లు నమ్మడం లేదు. మీ వైపు ఎలా ఉండేది?

రాజురా నుంచి:
కుదరదన్నా. అంత టైరుకు సైకిల్ పంపు ఏ మూలకు? చక్రం విప్పి బండి మీద వేసుకుని టౌనుకు పోవాల్సిందే.

సిరొంచ అన్న:
ఎందుకు కుదరదు తమ్మీ? టైరు పెద్దది కాబట్టి గాలి గట్టిగా ఉండాలని అందరూ అనుకుంటారు, కానీ వెనక టైరుకు కావాల్సింది 12 నుంచి 14 పాయింట్లే (పీఎస్‌ఐ, అంటే గాలి ఒత్తిడి కొలత), సైకిల్ టైరుకే అంతకంటే చాలా ఎక్కువ కావాలి, అందుకే పంపు బిగుసుకోదు, పిల్లలు కూడా వంతులేసుకుని కొట్టొచ్చు. కష్టమంతా పరిమాణంతోనే. 13.6-28 సైజు టైరులో 200 లీటర్లకు పైనే పడుతుంది, పూర్తిగా దిగిపోయిన ట్యూబును 14 పాయింట్లకు తేవాలంటే దాదాపు 400 లీటర్ల గాలి, ఒక్కో దెబ్బకు పావు లీటరు వేసుకున్నా 1600 దెబ్బలు. అయితే చక్రాలు జారకుండా బరువు కోసం టైరులో ముప్పావు వంతు నీళ్లు నింపే ఇళ్లలో మిగిలే చోటు పావు వంతే, 400 దెబ్బలతో అయిపోతుంది. మీ పెద్దనాన్నను టైరులో నీళ్లు ఉండేవా అని అడగండి.

రాయగడ బావ:
అమెరికాలో ట్రాక్టర్ ఇంజిన్‌కు ఒక సిలిండర్ స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో పంపు బిగించేవాళ్లట, మిగతా సిలిండర్ల మీద ఇంజిన్ నడుస్తుంటే గాలి దానంతటదే ఎక్కేదట. మనవాళ్లూ అలా చేసి ఉండరా?

సిరొంచ అన్న:
అది పెట్రోలు ట్రాక్టర్లకు బావా, 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్ లాంటి నాలుగు సిలిండర్ల వాటికి. మన దగ్గర తిరిగినవి దాదాపు అన్నీ డీజిల్‌వి, ప్లగ్గే ఉండదు. పాత ఐషర్‌కు ఉన్నదే ఒక్క సిలిండర్, దాన్నీ పంపుకే ఇస్తే ఇంజిన్ దేంతో నడుస్తుంది?

రాజురా నుంచి:
సరే, తగ్గిన గాలి నింపడం వరకు ఒప్పుకుంటాను. కొత్త టైరు ఎక్కించినప్పుడు మాత్రం అంచు రిమ్ముకు చుట్టూ సమానంగా కూర్చోవాలి, దానికి 14 పాయింట్లు చాలవు, సబ్బునీళ్లు రాసినా సరే. ఆ పని షాపులోనే చేయించాలి, ఇంట్లో మొండికేయొద్దు, రిమ్ము జారితే ప్రాణానికే ముప్పు.

సిరొంచ అన్న:
అందులో నాకూ వాదన లేదు. నీళ్లున్న టైరుకు కొట్టేవాళ్లు ముందు వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పుకోండి, కిందుంటే గేజిలోకి నీళ్లొస్తాయి.